రావు సార్ జవాబులు – పద్నాలుగో వారం

సూర్యప్రకాశరావు చనిపోయి పదకొండు నెలలైంది. మల్లయ్య అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు రాసి పదకొండు రోజులే అయింది.

కమలాకుమారి ఆయన ఫొటో ముందు నిలబడి ఈ రెండు లెక్కల్నీ మళ్లీ మళ్లీ సరిచూసుకుంది. ఎక్కడా తప్పు దొర్లలేదు. ఫొటో కింద తెల్లరంగుతో తేదీ రాసి ఉంది. ఆగస్టు పదిహేడు, రెండువేల ఏడు. పక్కనే వేలాడుతున్న క్యాలెండరులో ఇది రెండువేల ఎనిమిది జులై. గంధపు చెక్క దండ మీద సన్నగా దుమ్ము పేరుకుని ఉంది.

గడ్డపోతారంలో ఆమె పనిచేసే మందుల ఫ్యాక్టరీలో పది రోజుల కింద పొద్దున షిఫ్టులో ఒక ఫిల్టరు మూత తీస్తుండగా మంట లేచింది. మూత పట్టుకున్న హెల్పర్ చిన్నరాములు ముఖమూ రెండు చేతులూ కాలి ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. మూత తీయమన్నది ఆపరేటర్ మల్లయ్య. నీకెవరు చెప్పారని అడిగితే అతను ఒకటే మాట మీద ఉన్నాడు. "రావు సార్ చెప్పిండు."

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి విచారణ. 'ఇది నా సొంత నిర్ణయం' అని రాసిన కాగితం మీద మల్లయ్య సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, వెనకాలే పోలీసు కేసు వస్తుంది. సంతకం పెట్టకుండా ఉండాలంటే జవాబు రాసిన మనిషి వచ్చి 'అవును, నేనే రాశాను' అనాలి. ఆ మనిషిని వెతుక్కుంటూనే క్వాలిటీ ల్యాబులో కెమిస్టుగా ఉన్న కమలాకుమారి సెలవు పెట్టి, ఇంద్రేశంలో సగం ఖాళీ ప్లాట్ల మధ్య ఉన్న ఈ ఇంటికి వచ్చింది. లోపల ఆమెకు ఎదురైంది ఫొటో.

"బస్సులో పోయారమ్మా," అంది రావుగారి భార్య, మంచినీళ్ల గ్లాసు చేతికిస్తూ. "జహీరాబాదు నుంచి వస్తూ కిటికీకి తల ఆనించి పడుకున్నారట. దిగేచోట కండక్టరు లేపితే లేవలేదు."

"మాకెవరికీ తెలియదండీ."

"ఎవరికి చెప్పను? ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిట్లో నా పిల్లలున్నారు అనేవారు. ఒక్కరి ఇల్లు నాకు తెలియదు, ఒక్కరి ఫోను నెంబరు తెలియదు. అందరూ ఆ కంప్యూటర్లోనే ఉండేవారు."

నిజమే. రావుగారు ఫ్యాక్టరీ మేనేజ్‌మెంటుతో గొడవపడి ఐదేళ్ల కిందటే ఉద్యోగం మానేశారు. తర్వాత ఆయన్ను కళ్లతో చూసినవాళ్లు తక్కువ. ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టారు. పేరు 'రియాక్టర్ బడి'. పదో తరగతి చదివి, ఐటీఐ చేసి, ఇంగ్లిషులో రాసిన పద్ధతుల కాగితాలు అర్థంకాక బిక్కుబిక్కుమంటూ వాల్వులు తిప్పే ఆపరేటర్లు షిఫ్టు దిగాక నెట్ షాపులో కూర్చుని, తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి ప్రశ్నలు అడిగేవాళ్లు. రావుగారు ఎన్నడూ వెంటనే జవాబు చెప్పలేదు. ప్రశ్నకు ప్రశ్న వేసేవారు. దానికి అడిగినవాడు ఏదో చెప్పేవాడు, ఇంకో ఫ్యాక్టరీవాడు మధ్యలో దూరి సరిదిద్దేవాడు. అలా తిప్పి తిప్పి, చివరికి అడిగినవాడి నోటితోనే జవాబు చెప్పించేవారు. మల్లయ్య బాయిలర్ అంటే ఏమిటో నేర్చుకున్నది అక్కడే. కమలాకుమారి కూడా ఎమ్మెస్సీలో అర్థంకానివి కొన్ని అక్కడే నేర్చుకుంది.

"మరి ఆయన గ్రూపు ఇప్పుడెవరు చూస్తున్నారండీ?"

"ఏ గ్రూపమ్మా?"

కమలాకుమారి గ్లాసు కింద పెట్టింది. "రావుగారు కంప్యూటర్లో రాసేవారు కదా, అది."

ఆవిడ చిన్నగా నవ్వింది. "ఆయన రాయడమేమిటి? కుడిచేతి మూడు వేళ్లు వంగేవే కావు. చిన్నప్పుడు యాసిడ్ పడింది. బ్యాంకులో సంతకం కూడా ఎడమచేత్తో పెట్టేవారు. పటాన్‌చెరులో ఒక నెట్ షాపు ఉంది చూడు, బస్టాండు వెనక. ఆ షాపు నడిపే గనీ టైపు కొట్టేవాడు. ఈయన పక్కన కుర్చీలో కూర్చుని చెప్పేవారు. రోజూ పొద్దున్నే, షాపుకు ఎవరూ రాకముందు, రెండు గంటలు. ఎండైనా వానైనా."

"అబ్దుల్ గనీనా?"

"అతనే. పదకొండో రోజున అతనొక్కడే వచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. లోపలికి రాలేదు. అక్కడే నిలబడి ఏడ్చి వెళ్లిపోయాడు."

అంటే గనీకి తెలుసు. పదకొండు నెలలుగా తెలుసు.

* * *

ఆటో పటాన్‌చెరు వైపు పోతుంటే కమలాకుమారికి వేరే సంగతి గుర్తొచ్చింది.

జనవరిలో వాళ్లమ్మ పోయింది. నెల తిరక్కముందే ఉద్యోగం మానేసి ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించింది. ఎవరికీ చెప్పలేక రావుగారికి రాసింది, గ్రూపులో కాదు, ఆయన ఒక్కరికే. మూడోనాడు జవాబు వచ్చింది. 'తొందరపడకు. లోపల చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు.' అంతే. ఆ రెండు వాక్యాలూ ఒక చీటీ మీద రాసి ల్యాబు బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. ఉద్యోగం మానలేదు. పొద్దున్నే బీరువా తెరిచినప్పుడల్లా అవి రాసిన చేతిని తలుచుకునేది.

జనవరి. అప్పటికి ఆయన పోయి ఐదు నెలలు.

ఫోను మోగింది. మల్లయ్య.

"మేడం, సార్ దొరికిండా?"

"ఇల్లు దొరికింది."

"వస్తడా మరి? మీరొక్క మాట చెప్తే కాదనడు."

కమలాకుమారి ఎదురుగా ఉన్న ఆటో అద్దంలోకి చూసింది. "నువ్వెక్కడున్నావు మల్లయ్యా?"

"గేటు కాడ ఆఫీసుల. నరసరాజు సార్ కుర్చీ ఏసి కూసోబెట్టిండు. చాయ్ తాపిండు. బిస్కెట్ గూడ పెట్టిండు. పదమూడేండ్ల సర్వీసుల గింత మర్యాద ఎన్నడు చూడలే మేడం. అందుకే భయమైతున్నది."

నరసరాజు అంటే పర్సనెల్ మేనేజరు. కాగితం రాయించింది ఆయనే.

"చాయ్ తాగు. సంతకం మాత్రం పెట్టకు. నేనొచ్చేదాకా పెన్ను ముట్టుకోకు."

"ముట్ట. కానీ మేడం..." అవతల గొంతు తగ్గింది. "ఆస్పత్రికి పోయిన నిన్న. చిన్నరాములు కండ్లు తెరిచిండు. నన్ను చూసి ఏమన్నడో ఎర్కనా? అన్నా, సార్ చెప్పింది తప్పెట్లయితదే, మనమే ఏదో తప్పు చేసినం అన్నడు."

'సార్ చచ్చిపోయాడు మల్లయ్యా' అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అదే మాట మూడింటికి విచారణలో బయటపడితే నరసరాజుకు ఇంకేం కావాలి? పోయినాయన పేరు చెప్పి తప్పించుకోజూశాడని రాసుకుంటారు. రావుగారి మరణం మల్లయ్య మెడకు ఇంకో ముడి వేస్తుంది.

* * *

బస్టాండు వెనక సందులో శుక్రవారం పూట ఆ వేళకు చాలా షట్టర్లు దించి ఉన్నాయి. జుమ్మా నమాజుకు మనుషులు టోపీలు సర్దుకుంటూ గబగబా నడుస్తున్నారు. గనీ షాపు మాత్రం తెరిచే ఉంది.

ప్లైవుడ్డు చెక్కలతో కట్టిన ఆరు క్యాబిన్లు. ఒక్కోదానికి పూల గుడ్డ తెర. గుమ్మం పక్కన కౌంటరు, దాని మీద గనీ కంప్యూటరు, ప్రింటరు. గనీకి నలభై దాటి ఉంటాయి. తెల్ల లాల్చీ, తల మీద టోపీ. నమాజుకు తయారై, పోకుండా ఆగిపోయిన మనిషిలా ఉన్నాడు.

"సలాం మేడం. శానా దినాలకు."

"గంట కావాలి గనీ భాయ్. ఏది ఖాళీ?"

"అన్ని ఖాళీనే. మూడో నెంబర్‌ల ఫ్యాన్ మంచిగొస్తది."

మూడో నెంబరు. మల్లయ్య కూర్చుని ప్రశ్న అడిగింది కూడా మూడో నెంబరులోనే. విచారణ కాగితాల్లో అతని వాంగ్మూలం ఆమె చదివింది. 'సోమవారం సాయంత్రం ఏడు గంటలకు గనీ నెట్ షాపు మూడో క్యాబిన్‌లో కూర్చుని అడిగాను. పావుగంటలో జవాబొచ్చింది.'

ఆమె తెర లాక్కుని గ్రూపు తెరిచింది. ముందు మల్లయ్య ప్రశ్న చదివింది. 'సార్, రేపు పొద్దుగాల నికెల్ పొడి ఫిల్టర్ చేస్తం. మూత ఎప్పుడు తీయాలె?' కింద రావుగారి పేరుతో జవాబు. 'ఇరవై నిమిషాలు ఆగి మూత తీయండి. భయం లేదు.'

ఆ జవాబులోని మాటల్ని వెతికే పెట్టెలో కొట్టింది. కంప్యూటరు చాలాసేపు ఆలోచించి రెండు ఫలితాలు చూపించింది. ఒకటి పదకొండు రోజుల కిందటిది. రెండోది ఏప్రిల్, రెండువేల నాలుగు.

అక్షరం తేడా లేదు. చివర చుక్కతో సహా.

రెండువేల నాలుగులో అడిగినవాడు పెద్దరాములు అనే ఆపరేటరు. ప్రశ్న కూడా దాదాపు మల్లయ్య ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య చాలా నడిచింది. ఆమె ఒక్కొక్కటే చదివింది.

'పొడిని ఆఖరున దేంతో కడిగావు?' అని రావుగారు.

'స్పిరిట్‌తోని సార్.'

'అది ఏం పొడి?'

'నికెల్ సార్.'

'నికెల్ ఆరితే ఏమవుతుంది?'

బొల్లారం నుంచి ఇంకెవరో దూరాడు. 'అన్నా, అది ఆరితే గాలి తగిలి దానంతల అదే అంటుకుంటది. మా దగ్గర ఒకసారి గోనెసంచి కాలింది.'

'విన్నావు కదా రాములూ. ఇప్పుడేం చేద్దాం?'

మర్నాడు పెద్దరాములు రాశాడు. 'నీళ్లు పోసి మూడుసార్లు కడిగిన సార్. కింద నుంచి నీళ్లే వస్తున్నయి, స్పిరిట్ వాసన లేదు.'

అప్పుడు, అన్నీ అయ్యాక వచ్చిన రావుగారి జవాబు, ఆ వరసలో పదో ఉత్తరం అది. ఇరవై నిమిషాలు ఆగి మూత తీయండి. భయం లేదు.

మల్లయ్యకు ఆ పదోది మాత్రమే అందింది. అతని ఫిల్టరులో నీళ్లు పోయలేదు. నికెల్ స్పిరిట్‌తో తడిసి ఉంది. ఇరవై నిమిషాల్లో పైపొర ఆరింది.

కమలాకుమారి గత పదకొండు నెలల జవాబుల్లో ఏదో ఒకటి తీసి అదే పెట్టెలో వేసింది. రెండువేల ఐదులో దొరికింది. ఇంకోటి వేసింది. రెండువేల మూడు. ఇంకోటి. ప్రతిదీ ఎప్పుడో ఎవరికో రావుగారు చెప్పిందే. ఎదురు ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఆయన బతికున్నప్పుడు గ్రూపులో అరవైనాలుగు మంది. ఇప్పుడు రెండువందల పదకొండు. ఏప్రిల్‌లో ఎవడో సంబరంగా రాశాడు. 'సార్ ఇప్పుడు మంచిగైండు. ఎనుకట లెక్క సతాయిస్తలేడు. అడుగుడుతోనే చెప్తుండు.'

ఇంకొక్కటి తేల్చుకోవాలి. ఆమె కొత్త ప్రశ్న కొట్టింది.

'సార్, బ్యాచ్ అయిపోయింది. మూత తీసి రంగు చూడనా?'

పంపించి, కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తల మీద ఫ్యాన్ కిర్రుమంటోంది. దూరంగా మసీదు మైకులో ఖుత్బా ప్రసంగం మొదలైంది.

కౌంటరు దగ్గర కుర్చీ కదిలింది. మౌస్ చప్పుడు. టక్. మళ్లీ టక్, టక్. కీబోర్డు మీద రెండే మీటల శబ్దం, ఉన్నదాన్ని కాపీ చేసి అతికించినట్టు.

ఆమె పేజీని మళ్లీ తెరిచింది. జవాబు ఉంది. సూర్యప్రకాశరావు, ఒంటిగంట ఐదు నిమిషాలు.

'తొందరపడకు. లోపల చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు.'

కమలాకుమారి ఆ రెండు వాక్యాలకేసి చాలాసేపు చూసింది. ఇవే. అమ్మ పోయిన నెలలో వచ్చినవి. ఆర్నెల్లుగా పొద్దున్నే ఎవరి చేతిని తలుచుకుంటోందో, ఆ చేయి ఎన్నడో లేకుండా పోయింది. ఎవడో ఆపరేటరుకు ఎప్పుడో చెప్పిన మాట మీద ఆమె ఆర్నెల్లు బతికింది.

ఏడుపు రాలేదు. రాకూడదనుకుంది. రెండువేల నాలుగు ఏప్రిల్ ఉత్తరాల పేజీ తెరిచి ప్రింట్ నొక్కింది.

ప్రింటరు గనీ పక్కనే ఉంది.

* * *

ఆమె తెర తొలగించుకుని బయటికొచ్చేసరికి రెండు కాగితాలు బయటపడ్డాయి, మూడోది వస్తోంది. గనీ మొదటి కాగితం చేతిలోకి తీసుకుని చదువుతున్నాడు. చదువుతున్నంతసేపూ పెదాలు కదులుతున్నాయి.

"ఎన్ని కాయిదాలు మేడం?" అన్నాడు, తలెత్తకుండా.

"నువ్వే చెప్పు. ఎన్ని ఉత్తరాల తర్వాత ఆ జవాబు వచ్చింది?"

"నాకేం తెలుస్తది?"

"ఇప్పుడు నాకు జవాబిచ్చింది ఎవరు గనీ భాయ్?"

"గ్రూపులనా? రావు సారే ఇచ్చి ఉంటడు."

"పొద్దున ఆయన ఇంటికి పోయొచ్చాను. ఫొటోకి దండ వేసి ఉంది."

గనీ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపుచేశాడు. సాపుగా ఉన్న కాగితాన్నే ఇంకా సాపుచేస్తూ ఉన్నాడు. "పాస్‌వర్డు శానామందికి ఎర్క మేడం. సార్ మనసు పెద్దది. ఎవరంటే వాళ్లకు చెప్పేటోడు."

"సరే. ఒకటడుగుతాను. సెంట్రిఫ్యూజు తిరిగేటప్పుడు ఒకవైపుకు ఊగితే ఏం చేయాలి?"

"గుడ్డ సంచి సమంగ పరిచినవో లేదో చూడు, ముందు స్పీడు తగ్గించు," అన్నాడు గనీ వెంటనే. మాట తెలంగాణాది కాదు. రావుగారి మాట. రావుగారి విరుపు. ఆయన ఎక్కడ ఊపిరి పీల్చేవారో అక్కడే ఆగాడు. ఆగి, తనేం చేశాడో తెలిసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎప్పటిది అది?"

"రెండువేల ఆరు," అన్నాడు వేళ్ల సందుల్లోంచి. "దసరా ముంగట."

కమలాకుమారి ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం అనుకున్నంత రాలేదు. ఆ మనిషి గొంతులోంచి చనిపోయినాయన పలికిన క్షణం ఇంకా షాపులో వేలాడుతూ ఉంది.

"మల్లయ్య నీకు తెలుసా?"

"ఎట్ల తెల్వది? రోజూ వస్తడు."

"మూడింటికి సంతకం పెట్టించుకుంటారు. ఉద్యోగం పోతుంది, జైలుకు కూడా పోవచ్చు. ఎవరు చెప్పారని అడిగితే రావు సార్ అంటున్నాడు. నవ్వుతున్నారు. ఇది చూడు." ఆమె కాగితాలన్నీ వరసగా పరిచింది. "తొమ్మిది ఉత్తరాలు నడిచాక సార్ ఆ పదో మాట అన్నాడు. దేంతో కడిగావని అడగకుండా ఆయన ఏనాడూ మూత తీయమనలేదు. నువ్వు ఈ తొమ్మిదీ ఎందుకు వదిలేశావు?"

"అడిగేటోళ్లకు టైం లేదు మేడం."

"నీకు?"

గనీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. గుమ్మం బయట ఎవరో 'గనీ భాయ్, జుమ్మాకు రావా?' అని అరిచి వెళ్లిపోయారు. అతను అటు చూడలేదు. కాగితాల వైపే చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నేనే మేడం. అన్ని నేనే పెట్టిన.

నేను పది ఫెయిలు. మా అబ్బాజాన్ నన్ను హాఫిజ్ చేద్దామనుకున్నడు, ఖురాన్ మొత్తం కంఠస్తం పట్టించాలని. నాతోని కాలే. మధ్యల ఉరికొచ్చిన. అయితే యాదికి పెట్టుకునుడు మాత్రం వచ్చింది. నాలుగేండ్లు సార్ చెప్తుంటే కొట్టిన. నాలుగు వేల ఉత్తరాలు. ఏ దినం ఏం చెప్పిండో ఇప్పుడడిగినా చెప్త. సార్ అనేటోడు, గనీ, నువ్వు కెమిస్టువురా అని. నేను కెమిస్టును కాదు మేడం. టేపు రికార్డును.

సార్ పోయిన నాలుగు దినాలకు గ్రూపు తెరిస్తే పదిహేడు ప్రశ్నలు కూసున్నయి. ఒకడు రాసిండు, సార్, మీరు చెప్పకపోతే మాకు ఎవ్వరున్నరు అని. సార్ లేడు అని కొట్టిన. కొట్టి, చెరిపేసిన. మళ్ల కొట్టిన, మళ్ల చెరిపిన. అప్పుడు చూస్తే ఆ పదిహేడుల పదకొండు సార్ ముందే చెప్పినవే. నా సొంతం ఒక్క అక్షరం కలపలే. అంత సార్ మాటనే. అట్లయితే అది అబద్ధమెట్లయితది అనుకున్న. సార్ ఇంకా చెప్తున్నట్టే ఉండె. కుర్చీ గూడ జరపలే, చూడున్రి, గదే కుర్చీ.

ప్రశ్నలడుగుడు నాతోని కాదు మేడం. సార్ అడిగితే అవతలోడు ఏదో చెప్తడు, అది ఇని సార్ ఇంకోటి అడుగుతడు. ఆ రెండోది ఏంది అని నాకు తెల్వాలె గదా. జవాబులైతే ఉన్నయి నా దగ్గర. అందుకే జవాబులే పెట్టిన. జనం ఖుష్ అయిండ్రు. మంది పెరిగిండ్రు. నాకు గూడ..." అతను టోపీని పక్కకు జరిపాడు. "నాకు గూడ మంచిగనిపించింది. అబద్ధమెందుకు?

మీరు అమ్మ గురించి రాసిండ్రు. దానికి సార్ చెప్పినదేదీ లేకుండె. రెండు దినాలు దేవులాడిన. గదొక్కటే దగ్గర దగ్గర అనిపించింది. మాఫ్ చేయున్రి.

మల్లయ్య అడిగిన నాడు ఆయన మూడో నెంబర్‌ల కూసున్నడు. నేను ఈడ కూసున్న. పది అడుగులు లేదు మేడం. తెర కింద ఆయన చెప్పులు కనపడుతున్నయి. లేచి పోయి, అన్నా ఏంతోని కడుగుతవు అని అడిగితే అయిపోవు. అడుగుతే నేనే సార్ అని తెలిసిపోతది. అందుకని ఈడికెల్లి పెట్టిన. ఆయన చదువుకుని, పైసలిచ్చి, దండం పెట్టినట్టు కంప్యూటర్‌కు చేయి పెట్టి మొక్కి పోయిండు. తెల్లారి చిన్నరాములు కాలిండు. గప్పటికెల్లి రెండు జుమ్మాలు, మసీదు గడప తొక్కలే.

వస్త మేడం. మూడింటికి వస్త. నరసరాజు సార్ ముంగట గిదే చెప్త, రాసిస్త. మల్లయ్య సంతకం పెట్టాల్సిన పని లేదు, నేను పెడ్త."

కమలాకుమారి లేచింది. ఆటో పట్టుకుంటే రెండున్నరకల్లా గేటు దగ్గరుంటారు. ఆమె కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకోబోయింది.

గనీ వాటి మీద చేయి పెట్టి ఆపాడు. అతని చూపు గోడ గడియారం మీదుంది. ఒంటిగంట ఇరవై.

"జెర ఆగున్రి మేడం. ఈ తొమ్మిది ఉత్తరాలు మీరు వరసగ పెట్టేదాక నాకు తట్టలే. సార్ జవాబుల ముంగట ఏమున్నదో యాదికున్నా నేను ఎన్నడు పట్టించుకోలే. ఇయ్యాల పొద్దుగాల పది గంటలకు ఒకడు అడిగిండు. ఆవిరి లైను మూసి రియాక్టర్ ఖాళీ చేయొచ్చా అని. నేను పెట్టిన. చేయి అని పెట్టిన. సార్ రెండువేల ఐదుల చెప్పిందే. కానీ ఇప్పుడు యాదికొస్తున్నది, దాని ముంగట పన్నెండు ఉత్తరాలున్నయి. పన్నెండు నేనే కొట్టిన ఈ చేతులతోని. పన్నెండుల సార్ వద్దు, వద్దు, లోపల ప్రెషర్ దిగనియ్యి అనుకుంటనే వచ్చిండు.

వాడు థాంక్స్ సార్ అని పెట్టిండు. రెండు గంటల షిఫ్టుల చేస్త అన్నడు. లోపలికి ఫోన్లు పోనియ్యరు మేడం. ఇప్పుడు తప్పని పెట్టినా వాడు చూడడు. వాడెవడో నాకు తెల్వది. పేరు లేదు, ఏ ఫ్యాక్టరీనో లేదు. రెండువందల పదకొండు మందిల ఒకడు. రెండు గంటలకు వాల్వు మీద చేయి పెడ్తడు, సార్ చెప్పిండని."